సగిందిక్ గొంతు దాచిన పెట్టె

మా కజఖ్ పల్లె ఖరాసోర్‌లో మనిషి పోతే, నలభయ్యో రోజు భోజనాలయ్యాక అతని వస్తువులు పంచిపెడతారు. కోటు ఒకరికి, టోపీ ఒకరికి, జేబుకత్తి ఒకరికి. వాటిని తబారిక్ అంటాం. పుచ్చుకున్నవాళ్ళు నుదుటికి తాకించుకుని పట్టుకుపోతారు. పోయినవాడి మంచితనం కాస్తయినా తమకు అంటుతుందని ఆశ. నచ్చకపోతే ఏ మూలో పడేసుకుంటారు గానీ, తబారిక్ తిరిగి తెచ్చివ్వడమన్నది మా ఊళ్ళో ఎవరూ కనీ వినీ ఎరగరు. అలాంటిది రుడోల్ఫ్, సగిందిక్ ఇంటి నుంచి తను తీసుకెళ్ళిన తబారిక్‌ని గుడ్డలో చుట్టుకుని మళ్ళీ ఆ ఇంటి గుమ్మం ముందుకే వచ్చి నిలబడ్డాడు.

గుడ్డలో ఉన్నది సగిందిక్ ట్రాన్స్‌మిటర్. నేల మీద నిలబడి గాల్లో చిన్న విమానాన్ని ఆడించే పెట్టె. రెండు స్టిక్కులు, బోలెడు స్విచ్చులు, నెత్తిన కొమ్ములా ఒక యాంటెన్నా.

తలుపు తీసింది దామెలి, సగిందిక్ భార్య. రుడోల్ఫ్ మా ఊరి జర్మన్. అతని వాళ్ళంతా ఏనాడో జర్మనీ వెళ్ళిపోతే, రైల్వే డిపోలో ఇంజన్లు బాగుచేసుకుంటూ ఇతనొక్కడూ ఉండిపోయాడు. సగిందిక్‌ని అన్నా అని పిలిచేవాడు కాబట్టి దామెలికి మరిది వరస. మా కోడళ్ళు అత్తింటి మగవాళ్ళని పేరు పెట్టి పిలవరు, ముద్దుపేరు తగిలిస్తారు. పెళ్ళైన కొత్తలో దామెలి అతనికి తగిలించిన పేరు పసుపుజుట్టబ్బాయి. ఇప్పుడా తల మీద పసుపూ లేదు, జుట్టూ లేదు. పేరు మాత్రం ఉండిపోయింది.

"ఏం పసుపుజుట్టబ్బాయ్, మా ఆయన పెట్టె నీకు నచ్చలేదా?"

"అది మాట్లాడుతోంది వదినా."

"ఈ రోజుల్లో ఏ పెట్టె మాట్లాడటం లేదు గనక?"

"అన్న మాట్లాడుతున్నాడు వదినా" అన్నాడు రుడోల్ఫ్.

క్రితం సాయంత్రం అతను ఆ పెట్టెను తన విమానానికి కుదుర్చుకుందామని టేబుల్ ముందు కూర్చున్నాడట. స్విచ్ వేశాడట. ముందు ఎవరో ఊపిరి తీసుకున్న చప్పుడు. తర్వాత సగిందిక్ గొంతు, పక్క కుర్చీలో కూర్చుని అడిగినట్టు: "వచ్చావా? తొందరపడకు. ముందు గాలి చూడు." రుడోల్ఫ్ వెనక్కి తిరిగి తలుపు వైపు చూశాడు. చేతిలో టీ మోకాలి మీద ఒలికింది. అంత కాలినా చాలాసేపటి వరకూ అతనికి తెలియలేదు.

ఇందులో దయ్యమూ లేదు, భూతమూ లేదు. పెట్టెతో వచ్చిన గొంతు ఒక రష్యన్ పిల్లది. విమానం ఎంత ఎత్తులో ఉంది, బ్యాటరీ ఎంత మిగిలింది అని చెబుతుంటుంది. ఇంగ్లీషుంది, జర్మనుంది, ఇంకా ఏవేవో ఉన్నాయి. మా కజఖ్ మాత్రం లేదు. సగిందిక్‌కి ఒళ్ళు మండింది. నా నేల మీద నా చేత్తో చేసుకున్న విమానం నాతో పరాయి భాషలో మాట్లాడటమేమిటని, ఆ పిల్ల గొంతు తీసేసి, చలికాలమంతా షెడ్డులో కూర్చుని ఒక్కో మాటా తన గొంతుతోనే ఎక్కించుకున్నాడు. వసంతం రాగానే ఎగరేద్దామనుకున్నాడు. మంచు కరగక ముందే, ఒక పొద్దున వాకిట్లో మంచు తోస్తూ పార మీదే వాలిపోయాడు. గుండె. ఆ మాటలు బయటి గాలిలో మోగనే లేదు. రుడోల్ఫ్‌కి ఇదంతా తెలుసు. తెలిసినదానికి భయం వెయ్యకూడదని ఎక్కడా లేదు కదా.

లోపలి గదిలోంచి బల్జాన్ వచ్చింది, సగిందిక్ తల్లి. ఎనభై దాటినా ముసలిదంటే ఊరుకోదు. సంగతి విని, ఇచ్చిన తబారిక్ గుమ్మం తిరిగి దాటడానికి వీల్లేదని తేల్చి చెప్పింది. రుడోల్ఫ్ ఇక దాన్ని ముట్టుకోనన్నాడు. ఇద్దరూ మొండివాళ్ళే కాబట్టి, చివరికి పెట్టె ఇంట్లోకీ పోలేదు, వీధిలోకీ పోలేదు. వాకిట్లో షెడ్డులో, సగిందిక్ పనిముట్ల మధ్య, ఆయన చివరగా చేసిన చిన్న విమానం, ఆ తెల్ల గ్లైడరు పక్కన చేరింది.

దామెలి గురించి మా ఊళ్ళో ఎవర్నడిగినా ముందు చెప్పేది ఆమె కళ్ళ గురించి. ముప్పయ్యేళ్ళకు పైగా రైల్వే గేటు కాసింది. బల్ల పరిచినట్టున్న మా నేల మీద, దూరంగా కదిలే చుక్క రైలో, లారీయో, ఒంటో ఆమె అందరికంటే ముందు చెప్పేది. పదవీ విరమణ రోజు గేటు దగ్గర నిలబడి ఏడ్చిందని అంటారు. ఆమె మాత్రం కళ్ళలో ఇసుక పడిందంటుంది. పిల్లలు కలగలేదు. ఆ వెలితి గురించి మొగుడూ పెళ్ళాం ఎప్పుడూ నోరు విప్పలేదు. ఆయన గ్లైడర్లు చేసుకున్నాడు, ఆమె వాటిని పట్టుకుని గాలికి ఎదురు పరిగెత్తి విసిరింది. ఊరి ఆడవాళ్ళు నవ్వేవారు, ఈ వయసులో ఆ పరుగులేమిటని. దామెలి కూడా నవ్వేది గానీ పరుగు మానలేదు.

రుడోల్ఫ్ వెళ్ళిపోయిన మర్నాడు ఆమె షెడ్డులోకి వెళ్ళి స్విచ్ వేసింది.

ఊపిరి. ఆపైన, "వచ్చావా? తొందరపడకు. ముందు గాలి చూడు."

ఆమె నిజంగానే తలుపు తీసి గాలి చూసింది. చూశాక గానీ తనేం చేసిందో ఆమెకు తెలియలేదు. మనసు మాత్రం చాలాకాలం తర్వాత కాస్త కుదుటపడింది. ఆ రోజు నుంచి పొద్దున్న టీ కంటే ముందు షెడ్డులోకి వెళ్ళడం అలవాటైంది. స్విచ్ వేస్తే ఆ ఒక్క మాట. కట్టేసి మళ్ళీ వేస్తే మళ్ళీ అదే మాట, అదే ఊపిరి. మాట కంటే ఆ ఊపిరే ఆమెను ఎక్కువ పట్టుకుంది. మాటలు ఎవరైనా అనగలరు. ఊపిరి తీసుకోవాలంటే మనిషి ఉండాలి.

మిగతా మాటలు ఎలా వినాలని రుడోల్ఫ్‌ని పిలిపించి అడిగింది. అవి ఊరికే రావని అతను చెప్పాడు. ఫలానా ఎత్తుకి వెళితే ఒకటి, బ్యాటరీ తగ్గితే ఒకటి, అలా సగిందిక్ ఒక్కోదాన్నీ ఒక్కో సందర్భానికి కట్టి పెట్టాడు. అంత వినాలని ఉంటే వెనక ఉన్న చిన్న కార్డు తీసి ఫోనులో పెడతాను, అన్నీ ఒకేసారి వినెయ్యి, నీకూ తీరిపోతుంది, నాకూ తీరిపోతుంది అన్నాడు.

"వద్దు. పోయినాయన జేబులు తడిమినట్టుంటుంది. ఏ మాట ఎప్పుడు చెప్పాలనుకున్నాడో అప్పుడే చెప్పనీ."

"అంటే ఎగరేస్తావా?"

"నువ్వు నేర్పకపోతే నేనే ఎగరేస్తాను. విరిగితే నీ నెత్తిన విరుగుతుంది."

రుడోల్ఫ్ తల నిమురుకుని కూర్చున్నాడు. పెట్టెను గ్లైడరుకి కుదర్చడం ఒక పూట పట్టింది. పెట్టె జ్ఞాపకంలో సగిందిక్ పాత విమానాల అమరికలు కూడా వరసగా ఉన్నాయి. వాటిలో ఒకదాన్ని పొరపాటున ఎంచుకుంటే, కుడికి తిప్పితే తోక ఎడమకి పోయింది. అలాగే విసిరి ఉంటే ఈ పాటికి పుల్లలేరుకునేవాళ్ళమని రుడోల్ఫ్ గొణిగాడు. సరైనది దొరికాక, గ్లైడరు పొట్టలోని రిసీవర్ ఈ పెట్టె మాట తప్ప ఇంకే పెట్టె మాటా వినకుండా రెంటినీ జత చేశాడు. స్టిక్ కుడికి తోస్తే తోక కుడికి తిరగాలి, లాగితే లేవాలి. మోటారు తనంతట తాను తిరక్కుండా ఒక స్విచ్‌తో తాళం వెయ్యాలి. ఇవన్నీ ఆమె చేత మళ్ళీ మళ్ళీ చేయించాడు. బయట వీధి చివర దాకా పెట్టె పట్టుకుని నడవమని, తను గ్లైడరు దగ్గర కూర్చుని తోక ఊగుతోందా లేదా అని చూశాడు.

అన్నిటికంటే చివర, సిగ్నల్ తెగిపోతే విమానం ఏం చెయ్యాలన్నది. అది సగిందిక్ ముందే పెట్టి ఉంచాడు. మోటారు ఆగిపోతుంది, తోక కాస్త ఎడమకి వాలుతుంది, గ్లైడరు పెద్ద పెద్ద చుట్లు చుట్టుకుంటూ మెల్లగా దిగుతుంది.

"అప్పుడు కూడా ఏమైనా అంటాడా?" అని అడిగింది దామెలి.

రుడోల్ఫ్ ఒకటి ఉందన్నాడు. ఏమిటో తనకి తెలియదు. అడిగితే సగిందిక్ నవ్వి, అది వినే రోజు రాకూడదురా అన్నాడట.

అతను ఆ సంగతి చెప్పకుండా ఉండాల్సింది. ఆ మాట తర్వాత ఆమెను వదల్లేదు.

వేసవంతా ఆమె ఊరి పడమటి వైపు మైదానంలో ఎగరేసింది. చేతులు తొందరగానే లొంగాయి. ముప్పయ్యేళ్ళు దూరాన్నే చూసిన కళ్ళకి గ్లైడరు తప్పిపోలేదు. మోటారుతో పైకి తీసుకెళ్ళి ఆపేస్తే, ఆ తెల్ల రెక్కలు గాలి మీద చప్పుడు లేకుండా తేలేవి. అప్పుడు పెట్టెలోంచి ఊపిరి, ఆ వెంటనే మాట. నూరు మీటర్ల దగ్గర, "నూరు. బాగుంది." రెండొందల దగ్గర, "రెండొందలు. కింద ఏముందో చూసుకో." ఇంకా పైకి పోతే, "చాలు చాలు, దేవుడి పెరట్లోకి దూరకు." మోటారు ఎక్కువసేపు తిప్పితే, "బ్యాటరీ మీ బాబు కొన్నాడా?" ఆ మాటకి ఆమె మైదానం మధ్య ఒంటరిగా పగలబడి నవ్వింది. అంతలోనే ఏడ్చింది. ఆయన వాటిని తనకు తానే చెప్పుకున్నాడని ఆమెకు తెలుసు. కానీ అన్నీ ఆమెకే చెప్పినట్టుండేవి. దింపడానికి మనసొప్పక ఇంకో చుట్టు తిప్పబోతుంటే, సరిగ్గా అప్పుడే, "దింపు. మొండికెయ్యకు" అనేవాడు.

ఒక మాటను మాత్రం రికార్డు చేశాక కత్తిరించడంలో సగిందిక్ పొరపాటు చేశాడు. గ్లైడరు బాగా కిందికి వచ్చినప్పుడు ఊపిరి ఒక్కటే వినిపించేది. మాట ఉండేది కాదు. ఏదో చెప్పబోయి, ఆమె మొహం చూసి మానుకున్నట్టు. రుడోల్ఫ్ ఎన్నిసార్లు విన్నా ఆ ఊపిరికి ఉలిక్కిపడేవాడు. తర్వాత తర్వాత మైదానానికి రావడమే తగ్గించాడు.

అక్కడే వచ్చింది చిక్కు. రుడోల్ఫ్ లేనప్పుడు దామెలి బదులివ్వడం మొదలుపెట్టింది. ముందు "ఆఁ" అనేది, ఆ తర్వాత "చూస్తున్నానండీ" అనేది, కొన్నాళ్ళకి ఆ రోజు ఇంట్లో ఏం జరిగిందో కూడా చెప్పేది. మా మైదానంలో మాట చాలా దూరం పోతుంది. గొర్రెల కాపరి దోసన్ ఒక సాయంత్రం మందను తోలుకొస్తూ, తన చేతులతో మట్టి వేసి వచ్చిన మనిషి గొంతు గాల్లో "దింపు, మొండికెయ్యకు" అనడం, ఒక ఆడగొంతు "ఇంకొక్క చుట్టండీ" అని బతిమాలడం విన్నాడు. మనిషి జాడ లేదు, పైన తెల్లగా ఏదో తిరుగుతోంది. దోసన్ మందను మళ్ళేసి ఊరంతా చుట్టి తూర్పు వైపు నుంచి వచ్చాడు. అలా వచ్చినందుకు గొర్రెలు సగం రాత్రి దాకా అరుస్తూనే ఉన్నాయట. దాంతో పడమటి మైదానం వైపు ఎవరూ మేపడం లేదు, పిడకలేరడానికి కూడా వెళ్ళడం లేదు. దామెలికి అదీ మంచిదే అయింది.

బల్జాన్ చెవిన పడకుండా ఉంటుందా. శుక్రవారం ఆమె పోయినవాళ్ళ పేరున శెల్పెక్ రొట్టెలు నూనెలో వేయిస్తుంది. ఆ వాసన వాళ్ళకి చేరుతుందని, అది తప్ప మననుంచి వాళ్ళకి ఇంకేమీ పోకూడదని ఆమె నమ్మకం. పోయినవాడు కలలో పిలిస్తే పలకకూడదు. రమ్మంటే వెంట నడవకూడదు. పలికినవాళ్ళ పేర్లు, నడిచినవాళ్ళ పేర్లు, ఎన్ని రోజులకి ఎవరు పోయారో ఆవిడ గుక్క తిప్పుకోకుండా చెప్పగలదు. ఆ శుక్రవారం చివరి రొట్టె తీసి పొయ్యి ఆర్పి, కోడల్ని ఎదురుగా కూర్చోబెట్టింది.

"వాడికి బదులిస్తున్నావట."

"ఆయన కాదత్తయ్యా, పెట్టె."

"పెట్టెకెవరైనా అండీ అంటారా?"

దామెలి తలొంచుకుంది.

"వాడు పోయినప్పుడు నేను కళ్ళు తుడుచుకుని రొట్టెలు చేశాను, ఎందుకో తెలుసా? నువ్వున్నావని. కొడుకుని మట్టికిచ్చాను. నిన్ను కూడా వాడికే ఇచ్చెయ్యమంటావా?"

అత్తగారు తనతో అలా మాట్లాడటం దామెలి ఎప్పుడూ ఎరగదు. ఆ రోజు ఆమె మాటిచ్చింది, మానేస్తానని. కొన్నాళ్ళు మానేసింది కూడా. కానీ విన్న మాటలన్నీ విన్నది, ఇక మిగిలింది ఆ ఒక్కటే. రొట్టెల పిండి కలుపుతున్నా అదే, పక్క మీద వాలినా అదే. ఆయన నవ్వుతూ ఏం చెప్పి ఉంటాడు? తన పేరు అన్నాడా? రుడోల్ఫ్‌ని పట్టుకుని, సిగ్నల్ తెగేంత దూరం ఎలా పంపాలో చెప్పమంది. అతను చెప్పనన్నాడు. అంతగా కావాలంటే ఫోనులో పెడతానని మళ్ళీ అన్నాడు. ఫోనులో వింటే అది ఫోను మాట అవుతుంది గానీ ఆయన మాట కాదంది దామెలి.

"గ్లైడరు పోతుంది వదినా. అన్న చేతి పని అదొక్కటే మిగిలింది."

"తెలుసు."

"పడమర అంతా సోర్. పోయినదాన్ని తెచ్చుకోడానికి కూడా ఉండదు."

అదీ తెలుసు. ఖరా అంటే నలుపు, సోర్ అంటే ఉప్పు బురదనేల, మా ఊరికి ఆ పేరు వచ్చిందే దాని వల్ల. పైన తెల్లగా ఉప్పు పెచ్చు, చూస్తే పెళ్ళి దుప్పటి పరిచినట్టు ఉంటుంది. కింద నల్ల బురద. వేసవిలో అంచు మీద మనిషి నడవొచ్చు. ఆకురాలు కాలం వానలు పడ్డాక పెచ్చు పలచబడుతుంది. దోసన్ గుర్రం ఒకటి అందులో మెడ దాకా దిగి, తెల్లారేసరికి కనపడకుండా పోయింది.

అక్టోబరులో ఒకరోజు గాలి పూర్తిగా పడిపోయింది. బల్జాన్ మధ్యాహ్నం నిద్రలో ఉంది. దామెలి షెడ్డు తలుపు తీసింది.

పెట్టె "వచ్చావా?" అంది. "వచ్చానండీ" అంది దామెలి.

మైదానం చివర, సోర్ మొదలయ్యే చోట నిలబడి విసిరింది. నూరు, బాగుంది. రెండొందలు, కింద ఏముందో చూసుకో. ఎత్తు పెంచి, మోటారు ఆపి, ముక్కు తిన్నగా పడమటికి పెట్టింది. సూర్యుడు అటే దిగుతున్నాడు. గ్లైడరు ఎర్రటి వెలుగులోకి చుక్కలా జారిపోతోంది. ఇంకెవరికైనా అప్పటికే కనపడేది కాదు.

ఊపిరి. "దూరం పోతున్నావు. వెనక్కి తిప్పు."

ఆమె తిప్పలేదు. చుక్క కళ్ళకి అందకుండా పోతోందని ఒక అడుగు ముందుకేసింది. పెచ్చు కాలి కింద పటుక్కుమంది, కానీ ఆగింది. ఇంకొన్ని అడుగులు వేసింది.

"దూరం పోతున్నావు. వెనక్కి తిప్పు."

"ఇంకొంచెమండీ" అంది దామెలి, పెట్టెను గుండెలకి ఆనించుకుని.

చుట్టూ ఎక్కడా పిట్ట లేదు, గాలి లేదు. అంతా తెలుపు, దూరంగా ఎరుపు. ఆ తెలుపు మధ్యలో ఆమె బూట్లు చీలమండల దాకా దిగాయి. లాగి నడిచింది. అత్తగారికిచ్చిన మాట గుర్తొచ్చింది. గుర్తొచ్చినా కాళ్ళు ఆగలేదు, అవి తనవి కానట్టే నడుస్తున్నాయి. "వెనక్కి తిప్పు" అని మళ్ళీ వినపడింది. ఈసారి గొంతు గట్టిగా ఉన్నట్టనిపించింది. ఒకే మాటను పెట్టె ఒకసారి మెల్లగా, ఒకసారి గట్టిగా అనదు. ఆ సంగతి ఆమెకు తెలుసు. బురద పిక్కల దాకా వచ్చింది.

అప్పుడు అన్నీ ఆగిపోయాయి. పెట్టె అద్దం మీద అంకెలు ఆరిపోయాయి. ఎక్కడో ఎరుపులో గ్లైడరు ఎడమకి వాలి చుట్టు తిరగడం మొదలుపెట్టి ఉంటుంది. దామెలి ఊపిరి బిగబట్టి, ఆయన ఊపిరి కోసం ఎదురుచూసింది.

ఆయన ఊపిరి రాలేదు. ఒక ఆడగొంతు పలికింది.

"ఇక చాలు, లోపలికి రండి. పోయిందేదో పోయింది. టీ చల్లారిపోతోంది."

దామెలి పెట్టెను విసిరేయబోయింది, వేళ్ళు విడలేదు. ఎవరిదా గొంతు? ఎక్కడో వెనకనుంచి, కాస్త దూరంగా, కాస్త విసుగ్గా, ఎవరో ఆడమనిషి తన మొగుణ్ణి పిలుస్తోంది. తనకు తెలియని ఆడమనిషి, తనకు తెలియని ఇంట్లోంచి. ఆయన పోయిన చోట ఆయనకు టీ పెట్టి పిలిచేవాళ్ళు ఉన్నారా? ఆమె తిరిగి చూసింది. ఊరి కప్పులు చిన్నగా కనిపించాయి. మనిషి లేదు.

కాసేపటికి పెట్టె మళ్ళీ పిలిచింది. సిగ్నల్ తిరిగొచ్చేదాకా పిలుస్తూనే ఉండమని సగిందిక్ దానికి చెప్పి పెట్టాడు. మూడోసారి వచ్చేసరికి ఆ పిలుపు వెనక ఒక తలుపు కిర్రుమన్న చప్పుడు దామెలికి తెలిసింది. తన వంటింటి కిటికీ తలుపు. నూనె పొయ్యమని చలికాలమంతా ఆమె పోరినది.

అది ఆమె గొంతే.

ఎవరి గొంతు వాళ్ళకి బయటినుంచి వింటే పరాయిదే కదా. ఆ చలికాలంలో ఒక సాయంత్రం ఆయన షెడ్డులో గొంతు ఎక్కిస్తూ, కింద పడిన చిన్న స్క్రూ ఒకటి కోసం నేలంతా పాకుతున్నాడు. ఆమె కిటికీలోంచి పిలిచింది, రోజూ పిలిచినట్టే. ఆ పిలుపు కూడా అందులో పడిపోయింది. ఆయన దాన్ని చెరిపెయ్యలేదు. అన్నీ పోయిన క్షణానికి, చేతిలో ఏమీ మిగలని క్షణానికి, తన గొంతు పనికిరాదనుకున్నాడు. ఆమె పిలుపు పెట్టుకున్నాడు.

ఆమె అక్కడే బురదలో నిలబడి నోరారా ఏడ్చింది. ఆయన చెప్పే మాట ఇంకేదీ లేదు, ఇక ఉండదు. పోయిననాడు సరిగ్గా ఏడవలేదు, ఆ ఏడుపు కూడా ఇప్పుడే ఏడ్చింది. ఏడుస్తూనే, పిలుపు పిలుపుకీ ఒక కాలు చొప్పున బురదలోంచి లాక్కుని వెనక్కి తిరిగింది. ఒక బూటు సోర్‌కే వదిలేసింది.

మైదానం దాటి ఊళ్ళోకి వచ్చేసరికి మసక పడింది. పెట్టె కట్టెయ్యాలని ఆమెకు తోచలేదు. వీధి చివరి ఇళ్ళవాళ్ళు ఆ సంధ్యవేళ, కిటికీల వెనక నిలబడి విన్నారు. దామెలి ఒంటికాలి బూటుతో, పెదవి కదపకుండా నడిచి పోతోంది. దామెలి గొంతు పోయిన మొగుణ్ణి ఇంటికి రమ్మని పిలుస్తోంది. ఆ పూట మా వీధిలో దీపం పెట్టడానికి ఎవరూ ముందు లేవలేదు.

బల్జాన్ గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె కూడా ఆ పిలుపు దూరం నుంచే విన్నది. దామెలి గేటు దగ్గర ఆగి, అప్పుడు స్విచ్ కట్టేసి, పెట్టెను వాకిట్లో బల్ల మీద పెట్టింది. ముసలావిడ ఆ బురద వైపు చూసింది, బూటు లేని కాలి వైపు చూసింది. తిట్టలేదు.

"ఎవర్నే పిలుచుకుంటూ వస్తున్నావు?"

"ఆయన్నే అత్తయ్యా."

బల్జాన్ చెయ్యి తలుపు చట్రాన్ని పట్టుకుంది.  అడిగినప్పుడు, కలలో పిలిస్తే పలకకూడదని జీవితమంతా చెప్పిన మనిషి గొంతులా లేదు అది.

"వచ్చాడా?"

"లేదత్తయ్యా. నేనొచ్చాను."

ముసలావిడ పక్కకి తప్పుకుని ఆమెను లోపలికి రానిచ్చింది. ఆ తర్వాత కూడా గుమ్మంలోనే నిలబడి, వాకిట్లోకి, గేటు అవతలి వీధిలోకి కాసేపు చూసి, తలుపు వేసింది.